పొంగు ఆగేదాకా

పొద్దున లేవగానే ఎల్సీ స్టోబర్ట్ టీకి నీళ్లు పొయ్యి మీద పడేస్తుంది. అవి కాగేలోపు ముందుగదిలోకి వెళ్లి ఇంట్లో పులియబెట్టిన బీరు బకెట్టు దగ్గర చెవి పెడుతుంది. మూతకి గుచ్చిన వంకర గొట్టంలో నీళ్లు బుడుగ్గుమన్నాయంటే మొగుడు బతికే ఉన్నాడన్నమాట. ఆ తర్వాతే అతని మొహం చూసేది.

డర్హమ్ బొగ్గుగనుల ఊళ్లలో అది అందరికీ తెలిసిందే. మంచాన పడేముందు మనిషి తన చేత్తో పులియబెట్టే ఈస్టు చల్లిన బీరు పొంగుతున్నంతకాలం ఆ మనిషి పోడు. పొంగు ఆగిందా, చావుని ఆపడం ఎవరి తరమూ కాదు. జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ముందు బకెట్టు వైపే చూస్తారు, తర్వాత కుశలమడుగుతారు.

సెప్ స్టోబర్ట్ ఊపిరితిత్తుల నిండా బొగ్గే. ఆ చలికాలం మొదట్లో కొట్టునుంచి బీరు చేసుకునే డబ్బా తెచ్చుకుని, అందులోని బార్లీ మాల్టు పాకం వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, పైన ఈస్టు చల్లి, అలాగే కుర్చీలో కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. డబ్బా బీరు ఆయుష్షెంత? వారం పది రోజుల్లో ఈస్టు ఉన్న తీపంతా తినేసి చల్లబడుతుంది. ఎల్సీ రోజులు లెక్కపెట్టింది.

ఆమెకి మొగుడి ప్రాణం కంటే ఒక్క మాట ముఖ్యం. కూతురు డోరీన్‌తో అతను ఒక్క మంచి మాట మాట్లాడి పోవాలి. గని సమ్మె ఆఖరి నెలలో డోరీన్ మొగుడు కాలిన్, చంటిపిల్లకి పాలు లేక, తల వంచుకుని పనిలోకి వెళ్లాడు. సమ్మె ద్రోహికి ఊళ్లో ఎవరూ మంచినీళ్లు కూడా పోయరు. సెప్ అయితే కూతురి మొహాన తలుపేశాడు. సమ్మె ముగిసి ఇది మూడో చలికాలం, ఆ తలుపు తెరుచుకోలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

పక్కింటి విల్ఫ్ పాలిస్టర్ ఆ వీధిలో బీరు కలపడంలో ఆరితేరినవాడు. ఎల్సీకి అతనే దారి చెప్పాడు. పొంగు సాగాలంటే చక్కెర పెట్టాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఈస్టుకి ఊపిరాడదు. నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి, కొంచెం కొంచెం పొయ్యాలి, బకెట్టుకి దుప్పటి చుట్టాలి. వీధంతా చక్కెర పొట్లాలు తెచ్చి ఇచ్చింది. ఎల్సీ పోస్తూనే ఉంది. బీరు ఘాటెక్కింది, వైనును మించిపోయింది, మూత తీస్తే కళ్లు మండేవి. సెప్ మాత్రం బతికే ఉన్నాడు. బతకడమంటే ఏముంది, ఒక్కో ఊపిరికీ మంచం పట్టె పట్టుకుని పాకులాడటం. కూతురి ఊసెత్తితే గోడ వైపు తిరిగేవాడు. ఇంత హింస పెట్టి ఎందుకు నిలబెడుతున్నానా అని ఎల్సీ వంటింట్లో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, మళ్లీ చక్కెర మరగబెట్టేది.

ఒకరోజు పొంగు మందగించింది. విల్ఫ్ ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"ఇంకా తీపి ఉందమ్మా. తినడానికి ఈస్టుకే ఓపిక లేదు. అది చేసిన మత్తులో అదే మునిగి చస్తోంది."

"మరేం చెయ్యాలి?"

విల్ఫ్ మూత మూసి చెప్పాడు. ఇంతకన్నా ఘాటుకి ఓర్చుకునేది వైను ఈస్టే. కానీ ఇంకొకరి ఈస్టు పడితే ఆ మనిషి ఊపిరి కూడా ఈ బకెట్టుకే ముడిపడుతుంది, అదీ మునిగిననాడు ఇద్దరూ పోతారు. అది బతికుండగానే తీసి వెనక్కిస్తే ఇచ్చినవాడు గట్టెక్కుతాడు, జబ్బు మనిషి పోతాడు. అందుకే ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు.

ఎల్సీ అడిగింది. బస్సెక్కి పక్క ఊరు వెళ్లి, కాలిన్ గుమ్మంలో నిలబడి అడిగింది. అడవి పళ్లతో వైను చేసుకునేది అతనొక్కడే. అడుగుతూ తన నోరు పడిపోతే బాగుణ్ణనుకుంది. డోరీన్ పొయ్యి దగ్గరే కొయ్యబారిపోయింది. కాలిన్ వెంటనే జామ్ సీసాలో నురగలు కక్కుతున్న ఈస్టు నింపాడు.

"డోరీన్‌ని ఆయన ఒక్కసారి చూస్తే చాలు అత్తయ్యా. నాదని మాత్రం చెప్పకు."

అది పడగానే బకెట్టు మళ్లీ లేచింది. గొట్టం గడగడలాడింది. మర్నాటికి సెప్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, గుడ్డు తిన్నాడు. తినేసి, బకెట్టు మూత తీయించి పైకి లేచిన తెల్లటి తెట్టు వంక చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదు. ఎవరిది?"

నలభై ఏళ్ల కాపురంలో ఎల్సీ అతనికి అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచి కూడా చెప్పలేకపోయింది, కాలిన్ పేరే చెప్పింది. విల్ఫ్ అక్కడే ఉన్నాడు, అతను కిటికీ వైపు తిరిగాడు.

సెప్ మొహం నల్లబడింది. "సమ్మె ద్రోహి ఊపిరి అరువు తెచ్చావా నాకు? ఆ తెట్టంతా చుక్క మిగలకుండా తీసెయ్. తీసుకెళ్లి వాడి మొహాన కొట్టు."

తీస్తే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. విల్ఫ్ గరిటె కోసం వంటింట్లోకి వెళ్లాడు. సెప్ అంటే సెప్పే, చావనైనా చస్తాడు గానీ వాడి చెయ్యి పట్టడు అని అతను తర్వాత క్లబ్బులో చెప్పాడు, ఊరంతా అదే చెప్పుకుంది.

విల్ఫ్ అటు వెళ్లగానే సెప్ పెళ్లాం మణికట్టు పట్టుకున్నాడు.

"తెట్టు తీసిన సీసాలో కొత్త చక్కెర నీళ్లు పొయ్యి. గోరువెచ్చగా. వేడిగా పోస్తే చస్తుంది."

"సరే."

"నా ఉన్ని సాక్సు తొడుగు దానికి. గనిలోకి వేసుకెళ్లేది, మందంగా ఉంటుంది. బస్సులో తలుపు దగ్గర కూర్చోకు, గాలి కొడుతుంది."

ఎల్సీ రెండో చేత్తో అతని దుప్పటి సర్దింది. "నువ్వు ఒక్కడివే..."

"విల్ఫ్ ఉంటాడుగా. నడువే. బస్సు పోతుంది."

పైతెట్టు తీసేసిన బకెట్టు ఒకసారి బుడుగ్గుమంది, చాలాసేపు ఆగి మరొకసారి. ఎల్సీ మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది, తర్వాత వెనక్కి చూడకుండా బయల్దేరింది. బస్సులో లోపలి సీటులో కూర్చుని సీసాని ఒళ్లో పెట్టుకుంది. ఊరి పొలిమేర దాటుతుండగా ఇంట్లో పొంగు ఆగినట్టు ఆమెకి తెలిసింది. కండక్టరు వచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉందంది. సీసా మాత్రం ఒళ్లో పొంగుతూనే ఉంది.

తలుపు తీసిన కాలిన్ సీసాని చూశాడు. గని పనివాళ్ల సాక్సు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. రెండు చేతులా అందుకున్నాడు.

డోరీన్ వెనకనుంచి వచ్చి తల్లి మొహం చూసి ఆగిపోయింది. "నాన్న ఏమైనా అన్నాడా అమ్మా?"

"ద్రోహి ఈస్టు ఇంట్లో ఉండకూడదన్నాడు. తీసుకెళ్లి వాడి మొహాన కొట్టమన్నాడు." ఎల్సీ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "దార్లో గాలి తగలనివ్వొద్దన్నాడు."

కాలిన్ సీసాని పొయ్యి పక్కన వెచ్చటి చోట పెట్టాడు. సాక్సు విప్పలేదు.