పాలజొన్న నోట్లో ముళ్ళ కళ్ళెం

గాజు పెట్టెలో ఉన్నన్నాళ్ళూ నన్ను చూసినవాళ్ళలో చాలామంది నేనొక నగననుకున్నారు. రెండు కొసలా ఇత్తడి కడియాలు. మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకున్న రెండు ఇనప కమ్మీలు. వాటి చుట్టూ వరసగా ముళ్ళు. ఆడవాళ్ళు వంగి చూసి, ఏ రాణిగారి వంకీయో అనుకుని, కింద చీటీ చదివాక మొహం పక్కకు తిప్పుకునేవారు. నేను ఒక గుర్రపు కళ్ళేన్ని, అందులోనూ ముళ్ళ కళ్ళేన్ని. మాట వినని గుర్రాలకు మాట వినిపించడానికి మనుషులు నన్ను కనిపెట్టారు. ఆ గుర్రం చెప్పేది తామెప్పుడైనా విన్నారా అన్న ఆలోచన వాళ్ళకు వచ్చినట్టు లేదు.

నన్ను చేసింది దేవరకంచె కోట గోడ కింద కొలిమి పెట్టుకున్న కమ్మరి లచ్చోజి. చేయించినవాడు సంస్థానం అశ్వదళంలో జమేదారు నరహరిరావు. కొలత తెచ్చినవాడు సైదులు, జమేదారు గుర్రానికి సాయీసు. అంటే దాణా పెట్టి, మాలీషు చేసి, లాయం ఊడ్చేవాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు.

ఆ గుర్రం పచ్చి జొన్నగింజ రంగులో ఉండే ఆడగుర్రం. సంస్థానం దఫ్తరులో దానికి ఏదో పెద్ద పారసీ పేరు రాసి ఉండేది. సైదులు మాత్రం పాలజొన్న అని పిలిచేవాడు. అది ఆ పేరుకే చెవులు తిప్పేది. జమేదారుకు కోటవీధిలో జనం చూస్తున్నప్పుడు పగ్గం బిగబట్టి గుర్రాన్ని ముందుకాళ్ళెత్తించడం ఇష్టం. అలా గుంజి గుంజి దాని నోరు మొద్దుబారింది. మొద్దుబారిన నోటికి ఇంకా పదునైన ఇనుము కావాలని ఆయన తీర్మానించాడు.

లచ్చోజి కొలతపుల్ల చేతిలో తిప్పి చూశాడు.

"ఇది ఎవ్వల నోట్లెకు రా సైదులూ?"

"పాలజొన్నకు, మామా."

"అది నెమ్మదైన జీవం గద. దానికి ముండ్లెందుకు?"

"నన్నడిగితె ఏం జెప్పాలె? జమేదార్ సాబు చెయ్యిమన్నడు."

లచ్చోజి కొలిమి ఊదాడు. ఒక్కో పక్క ఎనిమిది ముళ్ళు, మధ్య కీలు దగ్గర నాలుగు పెద్దవి పొడిచాడు. పని అయ్యాక నన్ను నీళ్ళలో ముంచి, ఎప్పుడూ చేసేట్టు ఎండకు పట్టుకుని చూసుకోకుండా, గుడ్డలో చుట్టి ఇచ్చేశాడు.

మొదటిరోజే నాకు రక్తం రుచి తెలిసింది. సాయంత్రం సైదులు నన్ను విప్పి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పాలజొన్న నోరు కడిగాడు. దాని నాలుక మీద నా ముళ్ళు దిగిన చోట్లను వేలితో ఒక్కొక్కటీ తాకి చూశాడు. గుర్రం కదలలేదు. గడ్డం అతని భుజాన ఆన్చి నిలబడింది.

నాలుగోరోజు మధ్యాహ్నం జమేదారు భోజనం చేసి పడుకున్న వేళ, సైదులు లాయం చివర గుమ్మం దగ్గర కూర్చుని ఆకురాయితో నా ముళ్ళు అరగదీశాడు. ఎడమ ఎనిమిదీ అయ్యాయి. కుడి ఎనిమిదీ అయ్యాయి. మధ్యలో నాలుగింటికి వచ్చేసరికి బూట్ల చప్పుడు వినిపించింది. ఆకురాయి గడ్డిలో దాచి లేచాడు. ఆ నాలుగు ముళ్ళు అలాగే ఉండిపోయాయి. మర్నాడు పని పూర్తి చేద్దామనుకున్నాడు. మర్నాడు తెల్లవారుతూనే గుండ్లవాగుకు బయలుదేరమని హుకుం వచ్చింది.

గుండ్లవాగు చెరువు నీళ్ళు ఆ ఎండాకాలం కోటవారి మామిడితోటకు మళ్ళించాలని సంస్థానం ఆజ్ఞ. ఊరివాళ్ళు తూము మూసి, దానిమీదే కూర్చున్నారు. వాళ్ళను లేపడానికి జమేదారుతో కలిపి పదిమంది గుర్రపు సవార్లు. సాయీసులు వెనక నడిచి వచ్చారు. ఆ పొద్దు గాలి లేదు. చెరువు మీద ఒక్క కొంగ లేదు. గుర్రాలన్నీ ఊరి పొలిమేరలోనే చెమటలు పట్టాయి. పాలజొన్న నన్ను నాలుకతో అటూ ఇటూ తోస్తూనే ఉంది.

తూము బండమీద అందరికంటె ముందు మల్కవ్వ అనే యాభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. మొగుడు పోయాక రెండెకరాల వరిమడి ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి. జమేదారు గుర్రం దిగకుండానే లెమ్మన్నాడు. ఆమె లేవలేదు.

"నర్హరీ, మీ అయ్య మా ఇంట్ల అంబలి తాగి పెరిగిండు. గుర్రం మీదికెల్లి మాట్లాడుతె నాకు ఇనరాదు. దిగి మాట్లాడు," అంది.

వెనక ఎవరో నవ్వారు. సవార్లలో ఒకడు కూడా మీసం కింద నవ్వాడు. జమేదారు సవార్లందరినీ తనతో రమ్మని సైగ చేశాడు. గుర్రాన్ని వెనక్కి తిప్పి నలభై అడుగులు నడిపించాడు. వెళ్ళిపోతున్నాడనుకుని జనం ఊపిరి వదిలారు. అక్కడ ఆయన మళ్ళీ ఇటు తిరిగాడు. "చలో," అన్నాడు.

పది గుర్రాలూ పరుగెత్తాయి. తూముకు పదడుగుల దూరంలో తొమ్మిది ఆగాయి. నేనున్న గుర్రం ఆగలేదు.

తర్వాత విచారణలో చాలామంది చాలా చెప్పారు. ఆ క్షణం నేనెక్కడ ఉన్నానో అక్కడ మరెవరూ లేరు కనుక నాకు తెలిసింది చెబుతాను. పగ్గాలు వదులుగా పాలజొన్న మెడ మీద పడి ఉన్నాయి. గుంజినట్టు నటించిన చేతులు గాలిలోకి లేచాయి గాని, నా కడియాల దాకా ఏమీ రాలేదు. ఆ గుర్రం మనిషిని చూసి పక్కకు తిరగబోయింది. ఆయన బూటు మడమలకున్న ముల్లుచక్రాలు దాని డొక్కల్లో దిగాయి. నా ముళ్ళలో ఒక్కటీ ఆ పూట దాని నాలుకలో దిగలేదు.

గిట్టల కింద పడ్డ మల్కవ్వ ఆ మధ్యాహ్నం దాకా బతికి ఉందట.

సాయంత్రం లాయంలో సైదులు పాలజొన్న నోరు కడిగాడు. నీళ్ళు తేటగా వచ్చాయి. జమేదారు లోపలికి వచ్చి నన్ను గోడకొయ్య మీది నుంచి తీసి, వేలితో ముళ్ళు తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నువ్వే అరగదీసినవా?"

సైదులు తల ఊపాడు.

"నేను రెండు చేతుల గుంజిన. అది ఆగలె. ఎందుకాగలేదో ఇప్పుడు ఎరుకైంది," అన్నాడు జమేదారు, ఎంతో నెమ్మదిగా. "ఆ ముసల్ది నీ చేతుల సచ్చింది రా. నేనెవ్వలికి జెప్ప. నువ్వు గూడ జెప్పకు."

సైదులు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. నా జన్మలో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటె భయం వేసిన దృశ్యం అదే. తప్పు చేసినవాడి కాళ్ళకు, ఏ తప్పూ చేయనివాడు కృతజ్ఞతతో మొక్కడం.

విచారణలో గుర్రం బెదిరిందని తేల్చారు. బెదిరే గుర్రం దళానికి పనికిరాదు కనుక కాల్చివేయమన్నారు. కోట వెనక గుట్ట దాకా పాలజొన్నను నడిపించింది సైదులే. తిరిగి వచ్చి లాయం ఊడ్చి, బట్టలు మూటకట్టుకుని ఊరు విడిచిపోయాడు.

నన్ను జమేదారు తన ఇంట్లో, తన నిలువెత్తు పటం కింద మేకుకు వేలాడదీశాడు. ఆ పటంలో ఆయన వేరే గుర్రం మీద ఉన్నాడు. సంస్థానాలు పోయాయి, ఆయనా పోయాడు. పాత కోట లాయాన్ని అశ్వదళ ప్రదర్శనశాల చేసినప్పుడు ఆ ఇంటివాళ్ళు పటాన్నీ, రెండు కత్తుల్నీ, నన్నూ కలిపి ఇచ్చారు. నా చీటీ మీద "ముళ్ళ కళ్ళెం, ఊరేగింపులలో వాడినది" అని రాశారు. పటానికి ఏటా కొత్త దండ వేసేవారు.

గుండ్లవాగు జరిగిన ముప్పై ఎనిమిదేళ్ళకు ఒక శుక్రవారం సైదులు వచ్చాడు. తను పేడ ఎత్తిన లాయంలోకి టికెట్టు తీసుకుని వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. నగరంలో జట్కా తోలి బతికానని, తన గుర్రానికి తాడే తప్ప ఏనాడూ ఇనుము పెట్టలేదని కాపలాదారు భిక్షపతితో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ నా ముందుకు వచ్చి ఆగిపోయాడు. గాజు మీద అతని ఊపిరి మంచులా పట్టింది.

అదే వేళకు గుర్రపు పోలీసు దళంలో శిక్షణ ఇచ్చే హవల్దారు అన్వర్ తన కుర్రకానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను చూపిస్తూ, "ఇసొంటిది మన జమానాల వాడం. చూసి యాదుంచుకోండి. రెండు చేతులతోని ఒక్కసారి గుంజితె చాలు, ఎసొంటి గుర్రమైనా కూలబడ్తది," అన్నాడు.

సైదులు గొంతు సవరించుకున్నాడు. "ముండ్లు అరగదీస్తె ఆగది గద సారు."

అన్వర్ వంగి చూశాడు. "పక్కలవి అరగదీసిండ్రు, నిజమే పెద్దయ్యా. ఇగో, ఈ నడిమి నాలుగు చూడు. సూదుల లెక్కున్నయి. గుంజినప్పుడు కీలు మడతపడి నాలుకల దిగేటియి ఇవే. పక్కలవి లేకున్నా ఈ నాలుగు చాలు. నోరంత రక్తమైతది. ఇది పెట్టుకొని గుర్రం ఆగలేదంటె, సవారు గుంజలేదన్నట్టు."

సైదులు గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. భిక్షపతి నీళ్ళు తెచ్చాడు. అతను తాగలేదు.

"ఆ పొద్దు దాని నోరు కడిగిన. నీళ్ళు తేటగ ఉండె. నేను అరగదీస్తిని గద, అందుకె రక్తం రాలేదనుకున్న. నడిమియి నేను ముట్టనే లేదు," అన్నాడు. కాసేపటికి తల ఎత్తి జమేదారు పటాన్ని చూశాడు. "గుంజనే లేదు వాడు."

మనసు తేలికైన మనిషి మొహం కాదది. ఇన్నేళ్ళూ మోసిన బరువు దిగిన చోటే, చంపినవాడి కాళ్ళకు మొక్కి నోరు మూసుకున్న బరువు వచ్చి కూర్చుంది. అన్వర్ టోపీ చేతిలోకి తీసుకుని పక్కన కూర్చుని అంతా విన్నాడు. నా చీటీ మార్చాలని, మల్కవ్వ పేరు రాయాలని సైదులు చెప్పిన మాటల్ని ఒక అర్జీగా రాసిపెట్టాడు. సైదులు దాని కింద వేలిముద్ర వేశాడు.

పదిరోజుల్లో అర్జీ ఎవరి దగ్గరికి చేరాలో వారికి కాకుండా మరెవరికో చేరింది. జమేదారు మనవడు ఇద్దరు మనుషులతో వచ్చాడు. తెల్లబట్టలు, మర్యాద గల గొంతు. నా పెట్టె తాళం తీయించాడు. ముళ్ళు తడిమి చూశాడు, అచ్చం తాతలాగే.

"ఇది మరమ్మతుకు పోయిందని రాసుకో. ఆ ముసలాయన ఏడుంటడు?" అని అడిగాడు.

భిక్షపతి తాళంచెవి నడుముకు దోపుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి అతను. ఇల్లు తెలియదని, వచ్చే శుక్రవారం అర్జీ సంగతి అడగడానికి ఇక్కడికే వస్తాడని చెప్పాడు.

ఇప్పుడు నేను ప్రదర్శనశాల వెనక గదిలో రేకుపెట్టెలో ఉన్నాను. అవతలి మాటలు గోడలోంచి వినిపిస్తాయి. ఇవాళ మళ్ళీ శుక్రవారం. సైదులు వచ్చాడు. అతని గొంతు నాకు తెలుసు.

"ఇక్కడ కళ్ళెముండాలె గద బిడ్డా?"

"ఏ కళ్ళెం తాతా? ఆ పెట్టె ఎప్పటినుంచో ఖాళీనే," అన్నాడు భిక్షపతి. గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు, "నువ్వు ఇంటికి పో తాతా. నీ కాళ్ళు మొక్కుత, వెనక దర్వాజ నుంచి పో."

ఖాళీ గాజు పెట్టె మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు వినిపించింది.

"లేకుంటె లేకపాయె. నేనున్న గద," అన్నాడు సైదులు.

అక్కడ చూడవచ్చిన జనం ఉన్నట్టున్నారు. వాళ్ళను ఇటు రమ్మని పిలిచాడు. గుండ్లవాగు అనే ఊళ్ళో తూము మీద మల్కవ్వ అనే మనిషి కూర్చుని ఉండేదని మొదలుపెట్టాడు. చెప్పులు రాసుకుంటూ మనుషులు దగ్గరికి జరగడం వినిపిస్తోంది.

వీధి గుమ్మం దగ్గర మోటారు ఆగింది. ముగ్గురో నలుగురో దిగి, తొందర లేకుండా లోపలికి నడిచి వస్తున్నారు. సైదులు ఆ అడుగులు విన్నట్టున్నాడు, ఒక్క మాట దగ్గర ఆగాడు. తర్వాత గొంతు ఇంకాస్త పెంచి, ఆగినచోటి నుంచి చెప్పసాగాడు.