జ్ఞాపకం నిలవని వయసు

పసిపిల్లల పెంపకం, బోధన మీద ఆమె నాలుగేళ్లు చదివింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు తొమ్మిది కొట్టేలోపే ముగ్గురి ముక్కులు తుడిచి, ఒకడి లాగు మార్చి, ఇంకొకడి చేత మణికట్టు మీద కొరికించుకుంది.

ఆ శిశు సంరక్షణ కేంద్రంలో రెండు దాటి మూడు నిండని వాళ్ల గదికి ఆమెను టీచరుగా వేశారు. పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు పొట్టి కుర్చీలు. వాటిలో కూర్చుంటే ఆమె మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పెద్దవాళ్లు కూర్చునే కుర్చీ గదిలో ఒక్కటే ఉంది. అది పెద్దమ్మది.

పెద్దమ్మ అక్కడ ఇరవై రెండేళ్లుగా ఆయా. కేంద్రం నడిపే మేడంతో సహా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పిల్లల్ని పెంచడానికి చదువెందుకన్నది పెద్దమ్మ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆమె దాచుకోలేదు. కొత్త టీచరుని "డిగ్రీ" అని పిలవడం మొదలుపెట్టింది.

"డిగ్రీ, ఆ బకెట్ ఇలా అందుకో. అది పుస్తకంలో లేదేమో గానీ, పని మటుకు ఉంది."

రోజంతా ఆమె చుట్టూ మాటలే. "మిస్, నీళ్లు." "మిస్, నాది." "మిస్, చూడు." ఎవరి వాక్యమూ రెండు మాటలు దాటదు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్న గంటన్నరా గదిలో ఎవరూ పెదవి విప్పకూడదు. ఆమె ఒక్కో పిల్ల గురించీ నోట్సు రాసుకునేది. పెద్దమ్మ గోడకి జారబడి దుప్పట్లు మడతపెట్టేది. సాయంత్రం అద్దెగదికి చేరాక మాట్లాడే అవసరమే ఉండేది కాదు. కిటికీ తీస్తే ఎదురుగా పక్క మేడ గోడ. ఆ ఊరికి ఆమె కొత్త, తనతో చదువుకున్న వాళ్లు తలో దిక్కుకీ పోయారు.

ఒకరోజు కింద కొట్టులో గుడ్లు కొంటుంటే, కొట్టాయన అవి చితక్కుండా సంచిలో అన్నిటికంటే పైన పెట్టాడు. "శభాష్, ఎంత చక్కగా పెట్టావో" అనేసింది ఆమె. ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఒక్క క్షణం తెల్లబోయి, "సంతోషం తల్లీ" అన్నాడు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆమెకి నవ్వు ఆగలేదు. తాళం తీసి లోపలికి వెళ్లాక, ఈ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరని తెలిసొచ్చి, మంచం మీద ఊరికే కూర్చుంది.

ఆదివారం నాన్న ఫోన్ చేసేవాడు. ఆయన దర్జీ. వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

"పాఠాలు ఎంతవరకు వచ్చాయి తల్లీ?"

"చేతులు కడుక్కోవడం దాకా వచ్చాం నాన్నా."

"అదికాదే, అసలు పాఠాలు."

"అవే అసలు పాఠాలు."

మిషను ఆగింది. "నేనిక్కడ అందరికీ నువ్వు లెక్చరర్‌వని చెప్పానే."

"పొట్టివాళ్లకి లెక్చరర్ అని చెప్పు. అబద్ధం కాదుగా."

ఆయన నవ్వి, బాగానే ఉన్నావా అని అడిగాడు. బాగానే ఉన్నానంది.

రెండో నెలలో ఒక నర్సు తన కూతుర్ని తెచ్చి చేర్పించింది. రెండున్నరేళ్ల పిల్ల, కాళ్లకి ఎర్ర బూట్లు. మొదటి రోజు గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. రెండో రోజు నుంచి ఏడవలేదు కానీ, గుమ్మం పక్కన నేల మీద కూర్చుని కదలనని మొండికేసింది. బూట్లు విప్పనివ్వలేదు. చాప మీద పడుకోబెట్టినా బూట్లతోనే. పెద్దమ్మ ఆ పిల్లకి బూట్ల దొరసాని అని పేరు పెట్టింది.

"పట్టుకుని లాగేస్తే సరి. రెండు రోజులు ఏడుస్తుంది, మూడో రోజు తనే దారికొస్తుంది. నేను ఎంతమందిని చూడలేదు."

"వద్దు పెద్దమ్మా. ఎందుకు విప్పట్లేదో తెలిసేదాకా ఉండనివ్వండి."

"చాపంతా మట్టి. ఎవరు కడుగుతారు?"

"నేను కడుగుతాను."

అన్నట్టే కడిగింది. రోజూ పిల్లలు లేచాక పెరట్లో కుళాయి కింద ఆ చాప రుద్దుతుంటే పెద్దమ్మ చూసీ చూడనట్టు పోయేది. ఎనిమిదో రోజున మేడం పిలిచింది. "మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారమ్మా, మా వాళ్లకి లేని మినహాయింపు ఆ పాపకెందుకని. ఈ వారంలో ఏదో ఒకటి తేల్చండి" అంది. కోపంగా అనలేదు. కానీ ఆ రాత్రి ఆమె తన నోట్సంతా మళ్లీ తిరగేసింది. తనకి తెలిసినదంతా కాగితం మీదదేనేమో, పెద్దమ్మ చేతులకే నిజం తెలుసేమో అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం మిగతా పిల్లలు నిద్రపోయాక ఆమె నోట్సు పక్కన పెట్టి, గుమ్మం దగ్గర పాప పక్కన నేల మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. చాలాసేపు ఇద్దరూ తలుపునే చూశారు. చివరికి పాప తనంతట తనే గుసగుసగా, "బూట్లు విప్పితే అమ్మ రాదు" అంది.

సాయంత్రం నర్సు వచ్చాక ఆ మాట చెప్పి, ఇంట్లో ఎవరైనా అలా బెదిరించారా అని అడిగింది. నర్సు లేదంటూ తల ఊపబోయి, మధ్యలో ఆగిపోయింది.

"నేనే. మొదటి రోజు వార్డు నుంచి ఒకటే ఫోన్లు. ఇది కాళ్లు చుట్టేసుకుంది. బూట్లు విప్పకు, ఇప్పుడే వచ్చేస్తా, ఇంటికెళ్లిపోదాం అన్నాను. ఏడుపు ఆపడానికి నోటికొచ్చిన మాట." ఆమె అక్కడే పొట్టి కుర్చీలో కూలబడింది. "నేను మర్చిపోయాను మిస్. అది మర్చిపోలేదు."

"మర్చిపోదు. మీ మాట మీద నమ్మకంతో ఇన్నాళ్లూ రెడీగా కూర్చుంది."

మర్నాడు నర్సు పావుగంట ముందొచ్చింది. గుమ్మంలో కూర్చుని తన చేతులతోనే బూట్లు విప్పి కొక్కెం కింద పెట్టింది. "నేను సాయంత్రం వస్తాను. నువ్వు పడుకుని లేచి, పాలు తాగాక వస్తాను" అని చెప్పింది. చెప్పిన వేళకి వచ్చింది. తర్వాతి రోజూ వచ్చింది. ఆ వారం చివరికి పాప గుమ్మం వదిలి ఇసుకతొట్టిలోకి దిగింది.

ఆ తర్వాత పాప టీచరుని వదిలితే ఒట్టు. నిద్రపోయేటప్పుడు ఆమె చిటికెనవేలు పట్టుకునేది. ఆ పట్టు సడలేదాకా ఆమె కదిలేది కాదు, నోట్సు వెనకబడినా సరే. వారమంతటిలో ఆమెని ఎవరైనా కావాలని పట్టుకుని ఉంచుకున్నది ఆ కాసేపే. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలలు గడిచాక నర్సుకి ఊరి అవతలి ఆసుపత్రికి బదిలీ అయింది. పాప అందరికీ చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

మళ్లీ మూడు నెలలకి, ఒక ఆదివారం, పళ్ల దుకాణం దగ్గర వాళ్లు కనిపించారు. నర్సు దూరం నుంచే చూసి సంబరంగా వచ్చింది. "మిస్ రా, నీ మిస్. గుర్తుందా?" పాప పొడుగు సాగింది. దారిన పోయే వాళ్లని చూసినట్టు ఆమెని తేరిపార చూసి, తల్లి కాళ్ల వెనక్కి తప్పుకుంది.

"సిగ్గు" అంది నర్సు, నొచ్చుకుంటూ.

సిగ్గు కాదని ఆమెకి తెలుసు. ఆ వయసు జ్ఞాపకాలు నిలవవని పరీక్షలో రెండు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. పాపకి టాటా చెప్పి, కొనాల్సిన పళ్లు కొనకుండానే గదికి వచ్చేసింది.

సోమవారం సాయంత్రం ఆఖరి పిల్ల కూడా వెళ్లిపోయాక, పొట్టి బల్లలు తుడుస్తూ పెద్దమ్మకి ఆ సంగతి చెప్పింది. పెద్దమ్మ గుడ్డ పిండి బకెట్ అంచు మీద ఆరేసింది.

"మొన్న బ్యాంకుకి వెళ్తే," అంది తర్వాత, "కౌంటర్లో కుర్రాడు. గడ్డం కింద మచ్చ చూసి పోల్చుకున్నా. ఇక్కడ బల్ల తగిలి పడిందే ఆ మచ్చ. రక్తం ఆగేదాకా ఒళ్లో పెట్టుకున్నాను. వాడేమో, ఇక్కడ సంతకం పెట్టండమ్మా అన్నాడు. పెట్టేసి వచ్చా."

"చెప్పలేదా?"

"ఏమని చెప్పను? వెనక పదిమంది నిలబడుంటే, బాబూ నీ లాగులు మార్చింది నేనే అని చెప్పనా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ టీచరు కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ అది చూసింది గానీ ఓదార్చలేదు. ఓదార్చడానికేమీ లేదని తనకీ తెలుసు. బల్లలన్నీ తుడవడం అయ్యాక గేటు వేసి బస్టాపు దాకా కలిసి నడిచారు. అలా నడవడం అదే మొదటిసారి.

"రేపు కవలలు వస్తున్నారట," అంది పెద్దమ్మ. "ఇద్దరూ అల్లరి పిడుగులేనని మేడం చెప్పింది. ఒకళ్లని నువ్వు చూసుకో, ఒకళ్లని నేను."

"సరే పెద్దమ్మా."

పెద్దమ్మ బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, రేపు తొందరగా రమ్మన్నట్టు చేత్తో సైగ చేసింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి, ఆ తర్వాత ఒక్కతే ఇంటిదారి పట్టింది.