ఈల ఊదేదాకా

"అక్కా, జర గిటు రా" అని రాణి పిలిచింది. పక్క కుర్చీల్లోని వాళ్లు తలెత్తి చూశారు. రాణి పని మధ్యలో ఎవరినీ పిలిచే రకం కాదు.

సుమన వెళ్లి ఆమె వెనక నిలబడింది. తెర మీద అడవి, అడవి ముందు ఎర్రమట్టి నేల, నేల మీద వెదురుతో, కొయ్యతో కట్టిన ఎత్తైన బురుజు. ఆ బురుజు ఒరుగుతోంది. దాని కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒంటి మీద సినిమావాళ్లిచ్చిన మట్టిరంగు చీర. చేతులకు మాత్రం మోచేతుల దాకా తన సొంత తెల్లగాజులు.

"గంగి చిన్నమ్మ గదా అక్కా?"

సుమన తెర మీదికి వంగింది.

"ఆ దినం ఆమె షూటింగుకే రాలేదన్నరు. కట్టెలకు పోతే అడవిల కొమ్మ ఇరిగి మీద పడ్డదన్నరు. మరి గిదేంది? మనకు పంపిన కాయితం సూడు. బురుజు కింద ఉన్న ఆడమనిషిని తీసేయాలె, మట్టి కనపడాలె అని రాసిండ్రు. మనిషిని తీసేయాల్నట, మట్టి పెట్టాల్నట!"

తీసేయడమే వాళ్ల పని. సినిమా చూసి చప్పట్లు కొట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ పని సంగతి తెలియకపోవచ్చు, చెబుతాను. హీరో గాలిలో ఎగురుతాడు కదా, వాణ్ణి మోసే తాళ్లు ఉంటాయి. ఆ తాళ్లను లాగే కూలీలు ఉంటారు. ఎర్రటెండలో అద్దం పట్టుకుని నిలబడ్డవాడి నీడ ఉంటుంది. వాటన్నిటినీ ఒక్కొక్క బొమ్మలో చెరిపి, ఆ జాగాలో చెట్టునో ఆకాశాన్నో అతికించాలి. జనగామ బస్టాండు వెనక సందులో, విత్తనాల దుకాణం పై అంతస్తులో నలభై మంది ఆడా మగా పొద్దంతా కంప్యూటర్ల ముందు కూర్చుని చేసేది ఇదే. కష్టం చేసినవాళ్ల ఆనవాళ్లను కష్టపడి చెరిపేయడం!

ఆ నలభై మందికీ పెద్ద సుమన. కొత్తగూడ అడవిలోని ఒక తండా పిల్ల. మానుకోట హాస్టల్లో చదివి, హైదరాబాదు పోయి ఒక స్టూడియోలో చేరింది. మొదటి మూడేళ్లు హీరోయిన్ల జుట్టు చుట్టూ గీత గీయడమే పని. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ప్రతి బొమ్మలో ప్రతి వెంట్రుకా. అక్కడ ఆమె 'గట్ల' అంటే నవ్వారు, 'మా తండా' అంటే ఇంకా నవ్వారు. పళ్లు బిగబట్టి పని నేర్చుకుంది. పన్నెండేళ్లకు విజువల్ ఎఫెక్ట్స్ ప్రొడ్యూసర్ అయింది. ప్రొడ్యూసరంటే పెట్టుబడి పెట్టే షావుకారు అనుకునేరు, కాదు. ఏ షాటులో ఏం చేయాలో విడదీసి, పదిమందికి పంచి, చేయించి, చెప్పిన రోజుకు అప్పగించే మనిషి. పని బాగుంటే పేరు దర్శకుడిది, తేడా వస్తే తిట్లు ఈమెవి.

మన పిల్లలు మన ఊళ్లోనే ఉండి ఈ పని చేయాలని జనగామలో ఈ యూనిట్ పెట్టింది. తలుపులు తెరిచిన రోజు గంగి చిన్నమ్మ జొన్నరొట్టెల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. సుమన తల్లి పోయాక ఆమెను చంకనెత్తుకు పెంచింది ఈ గంగే. నలభై తెరల మధ్య అద్దాల రవిక మెరిపిస్తూ తిరిగి, "గిన్ని టీవీలు పెట్టుకొని ఒక్క పాటన్న పెట్టరేందే!" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆమె రొట్టె తినని మనిషి ఆ గదిలో లేడు.

ఆ తర్వాత ఈ పెద్ద సినిమా వచ్చింది. రాజు సైన్యం అడవి మీద పడే యుద్ధం. కొత్తగూడ దగ్గర తండావాళ్లు పోడు చేసుకునే చేలలోనే సెట్టు వేశారు. జనం కావాలంటే, "మా తండావాళ్లున్నరు, నేను చెప్త" అంది సుమన. ఆ మాట ఆమే అంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని తల బాదుకుందో!

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. వంద మందిని సున్నం గుర్తుల మీద ఎడమ పక్క నిలబెట్టి తీస్తారు. మళ్లీ వాళ్లనే మధ్యలో నిలబెట్టి తీస్తారు, మళ్లీ కుడి పక్క, మళ్లీ వెనక. అన్నీ అతికిస్తే తెర మీద వేలమంది. కానీ ఒక్క మనిషి తన గుర్తు మీంచి కదిలినా అతుకు చెడుతుంది. మొదటి రోజు గంగి, కెమెరా పక్కన సుమనను చూసి సంబరం పట్టలేక చెయ్యి ఊపింది. షాటు పోయింది. "ఈ లంబాడోళ్లకు నిలబడటం కూడా చేతకాదు" అని సినిమా కంపెనీ మేనేజరు రాజేశ్ మైకులో అరిచాడు. ఆ మైకు మైదానమంతా వినపడింది.

సుమన సిగ్గుతో చచ్చిపోయింది. ట్రాక్టరు మీదికెక్కి తండా భాషలోనే చెప్పింది. ఈల ఊదేదాకా ఎవరూ కదలొద్దు. పాము వచ్చినా కదలొద్దు.

"మరి పాము కరిస్తే ఎట్లనే?" అని గంగి అడిగింది.

"కరిసినంక ఈల ఊదుతరు చిన్నమ్మా. గప్పుడు కదులు."

తండా అంతా నవ్వింది. గంగి మాత్రం సుమన దగ్గరికి వచ్చి, "నా వల్ల నీకు మాటొచ్చింది బిడ్డా. ఇగ రాదు పో" అంది. సుమన ఆ సాయంత్రమే జనగామకు తిరిగొచ్చింది. మూడో రోజు ఫోను.

గంగి శవం మానుకోట దవాఖానలో ఉంది. పక్కన గంగి భర్త మంగీలాల్ నేల మీద కూర్చుని ఉన్నాడు. గంగి కూతురు తారి సుమన భుజాలు పట్టి ఊపేస్తూ, "బురుజు పడ్డదే! తాడు తెగి మా దిక్కు పడ్డది, నా కండ్లతోని చూసిన" అని ఏడ్చింది. రాజేశ్ సుమనను పక్కకు పిలిచాడు. "దుఃఖంలో ఏదో అంటున్నారు మేడం. ఆ రోజు బురుజు షాటే తీయలేదు. ఆవిడ కట్టెలకు వెళ్లారు. మీరు సినిమా మనిషి, మీకు చెప్పాలా?" అన్నాడు. పంచనామాలో అదే రాశారు. అటవీశాఖ మనుషులు మంగీలాల్‌ను చుట్టుముట్టి, పట్టా లేని పోడు మీద కేసులు గుర్తుచేసి, కాగితం మీద వేలిముద్ర వేయించారు.

సుమన ఎవరిని నమ్మింది? రాజేశ్‌ను నమ్మింది. నమ్మితే నలభై మందికి పని ఉంటుంది. నమ్మకపోతే తాళం. మనిషి మెడ మీద కత్తి పెట్టనక్కర్లేదు, నెత్తిన నలభై మంది తిండి పెడితే చాలు, ఎంత అబద్ధమైనా నమ్ముతుంది.

ఇప్పుడా అబద్ధం తెర మీద బట్టబయలై నిలబడింది. బురుజు కూలింది ఒక్కసారే, మళ్లీ కట్టాలంటే కోట్లు; ఆ షాటునే వాడుకోవాలనుకున్న కంపెనీ, చూసేవాళ్లు ఎవరో మరిచి, వందల షాట్లతో కలిపి దాన్నీ జనగామకే పంపింది.

కుర్చీలన్నీ రాణి చుట్టూ చేరాయి. "ఈ షాటు చెయ్యం" అన్నారు కొందరు. "చెయ్యకుంటే కంపెనీ పని గుంజుకుంటది, మల్ల మిర్చి ఏరబోవుడేనా?" అన్నాడు సురేష్. అతనిది కేసముద్రం. తల్లి మార్కెట్ యార్డులో మిర్చి ఏరే కూలి.

"ఏరుదాం, ఏమాయె?" రాణి కస్సుమంది. "మాది భూపాలపల్లి. మా బాపు బొగ్గుబాయిల దిగేటోడు. కప్పు కూలి ఆయన దోస్తు పోతే, దొరలు గిదే ముచ్చట చెప్పిండ్రు. ఆయన డ్యూటీలనే లేడన్నరు. బాయిమీద అందరు కూసున్నరు. ఆయన పేరు రాసేదాక ఒక్కడు దిగలే. నాకు గప్పుడు పదేండ్లు, మా బాపుకు సద్ది మోసిన. గంగి చిన్నమ్మ రొట్టె తిని చిన్నమ్మనే తుడుస్తవా సురేష్?"

సురేష్ పోయి తన తెర ఆపేశాడు.

"ఎవరూ చెయ్యొద్దు" అంది సుమన. "నేనే చేస్త. పాపం నా ఒక్కదానికే తగలనీ."

రాణి లేచి కుర్చీ వదిలేసింది. ఆ చూపులో కోపం కంటే జాలే ఎక్కువ ఉంది.

చెరపాలంటే చూడాలి. ఒక్కో బొమ్మా ఆపి చూడాలి. సుమన మొదలుపెట్టింది. తాడు తెగింది. బురుజు కొస జనం వైపు వంగింది. చుట్టూ అందరూ పరుగందుకున్నారు. తారి వెనక్కి వచ్చి తల్లి చెయ్యి పట్టి లాగింది. గంగి ఆ చెయ్యి విదిలించుకుంది. కాళ్లు సున్నం గుర్తు మీదే ఉన్నాయి. ఒకసారి పైకి చూసింది. కొన్ని బొమ్మల తర్వాత ఈల పట్టుకున్నవాడి వైపు చూసింది. ఈల వాడి నోట్లో లేదు, వాడప్పటికే వీపు తిప్పి పరుగు తీస్తున్నాడు. ఇంకో పది బొమ్మలు గడిచాయి. గంగి సూటిగా కెమెరా పక్కకు చూసింది, మొదటి రోజు సుమన నిలబడ్డ చోటికి. బెదిరిన చూపు కాదది. నేను కదల్లేదు, చూశావా బిడ్డా అన్నట్టుంది.

"యాడీ!" అని, తండా భాషలో అమ్మను పిలుస్తూ సుమన పెట్టిన కేకకు కింద విత్తనాల దుకాణంలోని మనుషులు మెట్లెక్కి వచ్చారు.

"నేనే చంపిన. నేనే కదలొద్దన్న. ఈల ఊదేదాక కదలొద్దని చెప్పింది నేనే రాణీ! పారిపోయే మనిషిని నిలబెట్టింది నేనే!" నేల మీద పడి నెత్తి కొట్టుకుంది. ఆపబోయినవాళ్లూ ఏడ్చారు. చాలాసేపటికి లేచి ముఖం తుడుచుకుని, మంగీలాల్‌కు ఫోను చేసింది. "బాబాయ్, అందరిని తీసుకొని రా. చూడాల్సింది ఉన్నది" అని మాత్రం చెప్పింది.

మరునాడు పొద్దున తండా కేసముద్రంలో రైలెక్కి జనగామలో దిగింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అంతా కలిసి అరవై మందికి తక్కువ కాదు. ఇరుకు మెట్లెక్కి వరసగా గదిలోకి వచ్చారు. నలభై తెరలూ ఒకేసారి వెలిగాయి. నలభై తెరల మీదా గంగి. ఒక్క మనిషిని వేలమందిని చేసే విద్య నేర్చిన పిల్లలు, పోయిన మనిషిని నలభై చోట్ల నిలబెట్టారు.

మంగీలాల్ ఒక తెర దగ్గరికి పోయి వేళ్లతో ఆ గాజులు తడిమాడు. "నేను ఏలుముద్ర ఏసిన. ఇది అడవిల చచ్చిందని ఏసిన" అన్నాడు. "భూమి పోతదని భయపెట్టిండ్రు. గింత ధైర్యంగ నిలబడ్డదాన్ని నేనే కట్టెలకు పంపిన గదనే!"

"నువ్వు ఏసినవు. నేను నమ్మిన" అంది సుమన. "ఇద్దరం తప్పు చేసినం బాబాయ్. నన్ను తిట్టు, కొట్టు. కానీ దీన్ని తుడవను. ఎవరితోని తుడవనియ్యను."

తారి ఆమెను కొట్టలేదు. పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

ఆ షాటును సాయంత్రానికి మానుకోటలో విలేకరుల చేతిలో పెట్టారు. పంచనామా తిరగరాయాలని, గంగి పనిలో చనిపోయిందని ఒప్పుకోవాలని కలెక్టరాఫీసులో కాగితం ఇచ్చారు. అడుగున తండావాళ్ల వేలిముద్రలు, యూనిట్‌లోని నలభై మంది సంతకాలు. సురేష్ సంతకం అన్నిటికంటే పైన ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం రాజేశ్ వచ్చాడు, వెంట పోలీసులతో. "కంపెనీ సొత్తు బయట పెట్టావ్. ఒప్పందం మీద సంతకం చేశావ్ కదా? పన్నెండేళ్ల కెరీర్ నాశనం చేసుకున్నావ్ సుమనా. ఇక ఏ స్టూడియో గుమ్మం ఎక్కనివ్వరు నిన్ను" అన్నాడు. మేడం అనడం మానేశాడు.

"పన్నెండేండ్లు మీ తాళ్లు తుడిచిన. తాళ్లు గుంజినోళ్లను తుడిచిన" అంది సుమన. "తుడిచి తుడిచి నాకు మనుషులు కనపడుడే బందయింది. ఇగ చాలు."

మహిళా కానిస్టేబులు రెక్క పట్టుకుని కిందికి దించి వ్యానులో ఎక్కించింది. కంప్యూటర్లను మూటలు కట్టి వెనక పడేశారు. రాణి తలుపుకు అడ్డం పడితే పక్కకు ఈడ్చారు. వ్యాను సందు దాటి పెద్దరోడ్డు మీదికి వచ్చి ఆగిపోయింది.

పోలీసులు వస్తారని ఎరిగి పొద్దున్నే మళ్లీ రైలెక్కి వచ్చిన తండా రోడ్డు మీద ఉంది. యూనిట్ పిల్లలు వాళ్లలో కలిశారు. విత్తనాల దుకాణం హమాలీలు బస్తాలు దించి వచ్చి వెనక నిలబడ్డారు. ఎవరూ అరవడం లేదు. మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల ఎడం, చూపు ముందుకు. సుమన వ్యాను జాలీలోంచి చూసి గుర్తుపట్టింది. ఆ రోజు సున్నం గుర్తుల మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో వాళ్లు అక్కడే ఉన్నారు. ముందు వరసలో మంగీలాల్, కుడి పక్క తారి, తారి పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

ఇన్స్పెక్టరు దిగి ఈల తీసి గట్టిగా ఊదాడు. "కదలండి!"

ఎవరూ కదల్లేదు.

మళ్లీ ఊదాడు. వెనక లాఠీలు పట్టుకుని పోలీసులు దిగారు. "ఈల వినపడలేదా ముసలోడా?"

"ఇనవడ్డది సారూ" అన్నాడు మంగీలాల్. "గది మీ ఈల. మా గంగి ఆ దినం ఒక్క ఈల కోసం చూసింది, ఎవడు ఊదలే. మేం గా ఈల కోసం నిలబడ్డం."

మొదటి లాఠీ దెబ్బ అతని భుజం మీద పడింది. మనిషి తూలాడు, పాదాలు మాత్రం ఉన్న చోటే ఉన్నాయి. పారిపోండి, కదలండి అని అరవాలని సుమన నోరు తెరిచింది. అరవకుండానే మూసుకుంది. కదలొద్దని నేర్పిన నోరు అది. వాళ్లు కదిలితే గంగి మళ్లీ ఒంటరిదవుతుంది. ఆమె ఇనుప జాలీకి నుదురు ఆనించి, తారి పక్కనున్న ఖాళీని చూస్తూ ఏడ్చింది.

రెండో దెబ్బ తారి మీద పడేలోపు, రోడ్డు అవతల ఆగిన బస్సులోంచి ఒకరి వెనక ఒకరు జనం దిగి, తండా వెనక రెండేసి బారల ఎడంతో నిలబడటం మొదలుపెట్టారు.