అచ్చులోకి దిగాం

ఆ రోజు పొద్దున హాలు తలుపు దగ్గర మా వదిన చేతిని యంత్రం ఒప్పుకోలేదు.

గాలిమరల రెక్కలు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. హాల్లోకి వెళ్లాలంటే ప్రతి మనిషీ పల్చటి గ్లౌజులు తొడుక్కుని, తలుపు పక్కనున్న పెట్టె మీద అరచెయ్యి ఆనించాలి. పచ్చదీపం వెలిగితే తలుపు తెరుచుకుంటుంది. వదినకు ఎర్రదీపం వెలిగింది. మళ్లీ ఆనించింది, మళ్లీ ఎరుపే. వేళ్లు వాచిపోయి గ్లౌజు సగం వరకే ఎక్కింది. కణుపుల దగ్గర పొక్కులు చిట్లి రసి కారుతోంది.

మేనేజరు వచ్చాడు.

"మీ చెయ్యి సిస్టమ్ తీసుకోవడం లేదమ్మా. ఇంటికెళ్లండి. తగ్గాక కబురు చేస్తాం."

"పోయినసారి ఇట్లాగే పంపించిన ఆవిడకి ఇప్పటిదాకా ఏ కబురూ రాలేదు సార్."

"వెనకాల వాళ్లకి టైమవుతోంది. పక్కకి జరగండి."

వదిన పక్కకి జరిగింది. మేం ఒక్కొక్కరం పచ్చదీపం వెలిగించుకుని లోపలికి నడిచాం. రోజంతా నాకు పని మీద ధ్యాస నిలవలేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రెక్క అచ్చు పడవలా పొడుగ్గా ఉంటుంది. అందులో నల్లటి కార్బన్ బట్ట పరుస్తాం. బట్టకు జిగురు ముందే పట్టించి ఉంటుంది. పొర మీద పొర వేస్తూ, గాలి బుడగ లేకుండా, ముడత లేకుండా అరచేత్తో ఒత్తుకుంటూ పోవాలి. వేడి పెట్టాక అది ఉక్కును తలదన్నేంత గట్టిగా అవుతుంది, బరువు మాత్రం ఉండదు. లోపల ఒక్క ముడత మిగిలిందా, ఎప్పుడో ఒకనాడు పెనుగాలికి అక్కడే చీలుతుంది.

చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త యంత్రం వచ్చినప్పుడు మేం దాన్ని తిట్టలేదు. బట్టచుట్టలు మోసి నడుములు పడిపోయినవాళ్లం, అది మోస్తానంటే వద్దంటామా? అచ్చు మీదుగా పట్టాల మీద నడిచే రోబో చెయ్యి అది. ముందు దానికి మా చేతులు నేర్పాలన్నారు. మందపాటి రబ్బరు గ్లౌజులు తీసేసుకుని, లోపల సన్నటి తీగలున్న పల్చటివి ఇచ్చారు. మా వేలు ఎక్కడ ఎంత ఒత్తుతుందో ఆ తీగలు యంత్రానికి చెబుతాయి. అదే సమయంలో త్వరగా గట్టిపడే కొత్త జిగురు కూడా తెచ్చారు. ఆ జిగురు పల్చటి గ్లౌజుల్లోంచి చర్మానికి దిగింది. మొదట దురద, తర్వాత పొక్కులు, తర్వాత ఆయాసం. రబ్బరువి మళ్లీ ఇమ్మంటే, మందంగా ఉంటే తీగలకు ఒత్తిడి తెలియదన్నారు. వాళ్లకు కావలసింది చేతి పని. చెయ్యి ఏమైపోతే వాళ్లకేం?

సాయంత్రం ఇంట్లో వదినకు జడ వేశాను. దువ్వెన పట్టుకోవడం ఆమెకు కుదరడం లేదు.

"నెమ్మదే తల్లీ. చేతులెట్లాగూ పోయాయి, తలైనా మిగలనీ."

"ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు చేశారు వదినా. నేర్చుకున్నన్నాళ్లు నేర్చుకుని బయటికి తోశారు." అన్నాను కోపంగా.

వదిన తల తిప్పింది. జడ నా చేతిలోంచి జారిపోయింది.

"దాటారని ఎవరు చెప్పారే నీకు? రెక్క మొదట్లో మలుపుంది చూడు, అక్కడ దానికింకా బట్ట కుదరడం లేదు. వాళ్లింకా ఏటి మధ్యలోనే ఉన్నారు. తెప్ప మనమే."

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు సెలవు. మా ఒక్క గదిలోకి హాలు ఆడవాళ్లంతా వచ్చారు. కూర్చునే చోటు లేక సగం మంది మెట్ల మీదే ఉండిపోయారు. అందరూ మాట్లాడుతూనే చేతులు గోక్కుంటున్నారు. రబ్బరు గ్లౌజులు కావాలి, జిగురు వాసన లాగేసే ఫ్యాన్లు కావాలి, చేతులు చెడినవాళ్లకు వైద్యం చేయించి పనిలోకి తీసుకోవాలి. ఇంతవరకు తగాదా లేదు. ఎలా సాధించాలన్న దగ్గర మొదలైంది.

మా జట్టులో ఒకామెను మిరపకాయ అంటాం. మనిషి చిన్నది, నోరు మంట.

"పని ఆపడమెందుకు? తప్పు నేర్పుదాం," అంది. "మలుపు దగ్గర ముడతలేసి చూపిద్దాం. యంత్రం కూడా ముడతలే వేస్తుంది. అప్పుడు కాళ్లబేరానికొస్తారు."

చాలామంది సరే అన్నారు. నాకూ నచ్చింది.

"ఆ రెక్క విరిగితే ఎవరి మీద పడుతుంది?" వదిన అడిగింది. "ఓనరు వచ్చి దాని కింద నిలబడతాడా? గాలిమర ఎక్కి బోల్టులు బిగించేవాడూ మనలాంటి కూలోడే. వాడి పెళ్లాం కూడా ఇట్లాంటి గదిలోనే ఉంటుంది."

"అయితే ఏం చెయ్యమంటావ్? చేతులు ముడుచుకుని కూర్చోవాలా?"

"అదే. ముడుచుకునే కూర్చుందాం. అందరికీ కనబడేటట్టు."

సోమవారం బట్ట మొదటి పొర పరిచాక అందరం గ్లౌజులు విప్పి అంచున పెట్టి వెనక్కి జరిగాం. మేనేజరు అరుస్తాడనుకున్నాం. అతను కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. బట్ట అచ్చులో నెమ్మదిగా జారుతోంది. మలుపు దగ్గర చిన్న ముడత పడింది. ఇంకాసేపటికి అది పెద్దదైంది. కొత్త జిగురు గట్టిపడితే ఆ పొర చెత్తబుట్టకే. ఎవరికీ కాలు నిలవడం లేదు. చూడకూడదనుకుంటూనే అందరం ఆ ముడతనే చూస్తున్నాం.

ముందు పరుగెత్తింది ఎవరనుకున్నారు? మిరపకాయే. తప్పు నేర్పుదామన్న మనిషి! గ్లౌజు తొడుక్కుని వెళ్లి మలుపు దగ్గర అరచెయ్యి ఆనించి ఒత్తింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక మేమంతా. ముడత పోయింది. సమ్మె కూడా పోయింది. అన్నాళ్లూ పట్టుబడని మలుపు పనిని, ఆ కంగారులో ఇన్ని చేతులు ఒక్కచోటే ఒత్తేసరికి, యంత్రం చక్కగా నేర్చుకుంది. మేనేజరు నవ్వుతూ కుర్చీ తీయించేశాడు. మా గుణం మాకంటే అతనికే బాగా తెలుసు.

సాయంత్రం మిరపకాయ వదిన ముందు తలెత్తలేదు.

"చూడలేకపోయానక్కా. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

"వెళ్లదా మరి? చెయ్యి తిరిగిన మనిషివి," అంది వదిన. "తప్పు నీది కాదు, మనందరిదీ. బట్ట పరిచాక ఆపాం. పరవకముందే ఆపాలి. ఖాళీ అచ్చులో ముడత పడదు."

మర్నాడు ఖాళీ అచ్చు చుట్టూ ఒట్టి చేతులతో నిలబడ్డాం. పొక్కులు, పగుళ్లు, ఊడిన గోళ్లు అందరికీ కనబడేలా చేతులు ముందుకు చాపాం. మా కోరికలు నేను గట్టిగా చెప్పాను. మేనేజరు ఈసారి కూర్చోలేదు.

"మీరు నేర్పింది చాలు," అన్నాడు. "ఇక మీ అవసరం లేదు. అదే పరుస్తుంది."

యంత్రం నడిపే కుర్రాడు మీట నొక్కాడు. కొత్తగా ఇంజనీరింగు చదివి వచ్చినవాడు, మేం కళ్లజోడు అని పిలుస్తాం. రోబో చెయ్యి బట్టచుట్ట పట్టుకుని పట్టాల మీద కదిలింది. అది బట్ట పరిచిందంటే మా కథ ముగిసినట్టే.

మిరపకాయ చెప్పులు విప్పి అచ్చులోకి దిగి మలుపు దగ్గర కూర్చుంది.

రోబో చెయ్యి ఆగింది. పైన ఎర్రదీపం వెలిగింది. దారిలో మనిషి కనబడితే ఆగడానికి దానికొక కన్ను పెట్టారు. ఓనరుకు ఎవరూ నేర్పని మర్యాద యంత్రానికి నేర్పారు! మేమందరం దిగాం. ఆ పొడుగు అచ్చు నిండా భుజం భుజం ఆనించి కూర్చున్నాం.

"ఆ కన్ను ఆపెయ్," అన్నాడు మేనేజరు కళ్లజోడుతో.

కుర్రాడు మీట వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"ఆపితే మనుషుల మీదికి వస్తుంది సార్."

"నీ ఉద్యోగం ఉండాలా వద్దా?"

"ఉండాలి సార్," అన్నాడు. "కానీ నేను ఆపను." మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి, వచ్చి అచ్చు అంచున కూర్చున్నాడు. మిరపకాయ జరిగి చోటిచ్చింది.

పోలీసులు వచ్చారు. వాన్ హాల్లోకే రావాలని పెద్ద షట్టర్ ఎత్తించారు. మమ్మల్ని రెక్కలు పట్టుకుని లాగుతుంటే, ఖాళీ అయిన చోట్లలోకి రంగులేసే సెక్షన్ వాళ్లు దిగారు. వాళ్లను లాగుతుంటే ప్యాకింగ్ వాళ్లు దిగారు. లాగడానికి వచ్చిన పోలీసమ్మ చేతికి మా ఒంటి బట్టలకున్న జిగురు అంటుకుంది.

"సబ్బుతో కడుక్కో అమ్మా," అంది మిరపకాయ ఈడ్చుకుపోతుంటేనే. "ఊరుకుంటే పొక్కుతుంది."

పోలీసమ్మ తన అరచేతిని చూసుకుంది. లాగడం మాత్రం మానలేదు.

నన్నూ మిరపకాయనూ వాన్లో పడేసి తలుపు వేశారు. జాలీలోంచి చూస్తున్నాను. చివరి మనిషిని కూడా బయటికి లాగేశారు, అచ్చు ఖాళీ అయింది. మేనేజరే మీట నొక్కాడు. రోబో చెయ్యి మళ్లీ కదిలింది.

అప్పుడు ఎత్తి ఉన్న షట్టర్ కిందనుంచి వదిన లోపలికొచ్చింది. నేను పొద్దున్నే వేసిన జడ, రెండు చేతులకూ కట్లు. అచ్చు అంచు పట్టుకోలేకపోయింది. ఊడ్చే ఇద్దరు ముసలమ్మలు చీపుర్లు పక్కన పడేసి ఆమెను చంకల కింద పట్టుకుని లోపలికి దించారు. ఆమె మలుపు దగ్గర కూర్చుని, కట్లు కట్టిన చేతులు రెండూ పైకెత్తింది.

బట్టచుట్ట ఆమె నెత్తి మీదిదాకా వచ్చి ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది.

"చూశావా," నా పక్కనుంచి మిరపకాయ అంది, "ఇవాళ మీ వదినని గుర్తుపట్టింది."

వాన్ కదిలింది. షట్టర్ బయట రెండో షిఫ్టు వాళ్లు అప్పటికే చెప్పులు విప్పుతున్నారు.