కుర్చీ కాలి కింద రాణిగారు

ఆ ఫోటోగ్రాఫర్‌కి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరు పక్కమొహం. మొహం మామూలుగానే ఉంటుంది, పిచ్చే మామూలుది కాదు. పాత బ్రిటిష్ నాణేల పిచ్చి. నాణెం మీద రాజులంతా పక్కకి తిరిగే ఉంటారు కాబట్టి మనిషన్నవాడు అలాగే కనపడాలని అతని వాదన. పాస్‌పోర్టు ఫోటోకని వచ్చినవాళ్లకి కూడా ఒక చెవి, సగం మీసం తీసి చేతిలో పెట్టేవాడు. వాళ్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు.

అతను పోగేసిన పెన్నీ నాణేల వరసలో ఒక్కటే వెలితి, తల మీద ముసుగుతో ముసలి విక్టోరియా రాణి ఉన్న పెన్నీ. అది దొరక్క కాదు. మామగారి కుర్చీకి ఒక కాలు పొట్టి, ఆ కాలి కింద ఉందని ఆయనే ఎప్పుడో చెప్పాడు. స్టూడియో పెట్టింది మామగారింటి ముందుగదిలోనే, కుర్చీ ఉన్నదీ అక్కడే. రోజూ కళ్లెదుటే రాణిగారు నలిగిపోతుంటే పాపం అతని ప్రాణం ఉసూరుమనేది. చెక్కముక్క పెడతానన్నాడు, కొత్త కుర్చీ కొంటానన్నాడు. పెద్దాయన ససేమిరా అన్నాడు.

చివరికి ఆయనే బేరం పెట్టాడు.

"నాకు చూపు తగ్గిపోతోందయ్యా అల్లుడూ. పూర్తిగా పోయేలోగా నా కొడుకులిద్దర్నీ ఒక్క ఫోటోలో చూపించు. పెన్నీ నీది."

అడగడానికేం, ఎంతైనా అడగొచ్చు. ఆ అన్నదమ్ములు ఎప్పుడో ఒక గొడుగు దగ్గర మాటామాటా అనుకున్నారు. గొడుగు చిరిగి చెత్తలో కలిసినా పంతం మాత్రం చెక్కుచెదరలేదు. కబురు పంపితే, వాడి మొహం చూడాల్సి వస్తే రానని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

పక్కమొహం ఎగిరి గంతేశాడు. అసలు చూడక్కర్లేదే! పెన్నీల మీద రాణి ఎడమకి చూస్తే, తర్వాత గద్దెనెక్కిన కొడుకు కుడికి చూశాడు, మనవడు మళ్లీ ఎడమకి. రాజులకి లేని నామోషీ మనకెందుకని బావమరుదులకి విడివిడిగా నచ్చజెప్పాడు.

ఇద్దరూ వచ్చారు. తమ్ముడైతే అన్న మొహం తన కంటపడకుండా గుమ్మంలోంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు, అక్క, అంటే పక్కమొహం భార్య, భుజం పట్టుకుని దారి చూపిస్తుంటే. స్టూడియోలో ఉన్న ఒకే ఒక్క ఎత్తుబల్ల మీద ఇద్దర్నీ వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టాడు. ఇద్దరూ భారీ మనుషులు, కాళ్లు నేలకి అందలేదు. లైటు సర్దుతూ, గడ్డాలు ఎత్తమంటూ అతను ఎంత సతాయించాడంటే వాళ్ల నడుములు పడిపోయి ఒకడి మీద ఒకడు వాలిపోయారు. ఫోటో అయిపోయింది, లేవమన్నాడు. తమ్ముడు కదలబోయాడో లేదో, అన్న వెనక్కి ఒరిగాడు.

"మెల్లగా లేవరా," అన్నాడు అన్న. "పడిపోతాను."

"నేను పట్టుకుంటాలే."

కుర్చీలో పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఫోటో సంగతి తర్వాత, చెవులకి అందింది చాలు, పెన్నీ తీసుకోమన్నాడు.

అల్లుడు ఇంకో మాటకి ఆగితేనా! కుర్చీ కిందికి దూరి లాగేశాడు. కుర్చీ పక్కకి ఒరిగింది. కొడుకులిద్దరూ ఉరికొచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. తండ్రి తల మీదుగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న జుట్టు పూర్తిగా నెరిసిపోయిందని తమ్ముడికి అప్పుడే తెలిసింది. భోరుమన్నాడు.

పక్కమొహం పెన్నీని చొక్కాకి తుడిచి వెలుగులో పెట్టి చూశాడు. రాణి లేదు, ముసుగు లేదు. రెండు పక్కలా అరిగి నున్నగా ఉంది. అతనికీ ఏడుపొచ్చింది.

"మామయ్యా, దీన్ని మళ్లీ కాలి కిందే పెట్టేయనా?"

"వద్దు," అన్నాడు పెద్దాయన. "కాసేపు వీళ్లనే పట్టుకోనీ."