దోర్కా కప్పు

పెద్ద వరద తర్వాత నలభై ఏడో వేసవి అది. డెబ్బై ఎనిమిదిలో వచ్చింది ఆ వరద. బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో, తెలుగువాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పాతవాళ్ళు ఇప్పటికీ ఏళ్ళు అక్కణ్ణించే లెక్కపెడతారు.

పొద్దున్న తొమ్మిది కాకముందే తవిటయ్య మూడిళ్ళు తిరిగాడు. భుజాన గుడ్డసంచి, సంచిలో అరచేతిలో పట్టే రికార్డరు, దాని పక్కన పాత సుత్తి. రికార్డరు రేడియో వాళ్ళది. సుత్తి తనది. ముప్పై ఎనిమిదేళ్ళు రైలుబళ్ళ చక్రాలు కొట్టి చూసిన ఖలాసీ అతను. చక్రం మీద సుత్తితో కొడితే మంచిది గంటలా మోగుతుంది, పగులున్నది మట్టికుండలా పలుకుతుంది. అది వినడమే ఉద్యోగం. ఆ పనిలో కుడిభుజం కిందికి జారిపోయింది. ఎవరైనా మాట్లాడితే మొహం తిప్పడు, ఎడమ చెవి తిప్పుతాడు.

తోటివాళ్ళు చక్రానికి రెండు దెబ్బలు వేసి ముందుకు పోయేవారు. తవిటయ్య ఒక్కటే వేసి ఆగేవాడు. మోత పూర్తిగా చచ్చిపోయేదాకా కదిలేవాడు కాదు.

"ఏటిరా, చక్రం నీకు జవాబు సెప్తాదేటి?" అని నవ్వేవారు.

అతను నవ్వేవాడు కాదు.

రిటైరయ్యాక ఈ పని. పాత పఠనమందిరం వెనక గదిలో వీధివాళ్ళే రేడియో స్టేషను పెట్టారు. గోడలకు బొంతలు కట్టి, పైకప్పుకు గుడ్ల అట్టలు అంటించారు. దాని గొంతు ఇటు నిమ్‌పురా దాకా, అటు తాల్‌బగీచా దాకా వెళుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు తెలుగు, ఆ తర్వాత బంగ్లా. నడిపేది సిరిల్, నలభై ఏళ్ళవాడు, బడిలో లెక్కలు చెప్పేవాడు. ఇళ్ళకు వెళ్ళి మనుషుల మాటలు పట్టుకొచ్చేది తవిటయ్య. ఏడేళ్ళయింది. వీధి వీధంతా రేడియోలో మాట్లాడింది, తవిటయ్య తప్ప.

ఆ వేసవి కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. ట్యాంకరు కోసం వీధి వీధీ కొట్టుకుంది. సిరిల్ రేడియోలో ఒక మాట వేశాడు: మన క్వార్టర్ల లైన్లలో మూత వేసిన పాత నూతులు పదకొండు ఉన్నాయి, వాటిని బాగుచేసి ఇళ్ళ కప్పుల మీద పడే వాన వాటిలోకి మళ్ళిస్తే ఎలా ఉంటుంది? నెల్లాళ్ళు తగువు నడిచింది. నూతినీళ్ళు తాగితే జబ్బులొస్తాయన్నారు. తాల్‌బగీచా నుంచి ఒక బెంగాలీ పెద్దాయన ఫోను చేసి, తమ వీధిలో అలాగే చేసుకున్నామని, పోయిన వేసవిలో ఒక్క రోజు కూడా బకెట్టు ఖాళీగా లేదని చెప్పాడు. దానితో తగువు తేలిపోయింది. ముందు మూడో లైను నుయ్యి తెరవాలి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి గునపాలతో అందరూ రావాలి.

మూడో లైను పేరు విన్న రోజు నుంచి తవిటయ్య సరిగా అన్నం తినలేదు.

ఈ రోజు సిరిల్ ఇచ్చిన ప్రశ్న ఒక్కటే: మొదటి బకెట్టు నీళ్ళతో ఏం చేస్తారు? మొదటి ఇంట్లో అప్పలకొండ, "మా ముసిలోడికి తలంటు పోస్తాను, వాసన భరించలేకున్నాను" అంది. లోపలి నుంచి ముసలాయన తిట్టాడు. అదీ రికార్డయింది.

నాలుగో ఇల్లు సరోజమ్మది. ఆమెకు అరవై దగ్గరపడుతున్నాయి. గుండెజబ్బు, కాళ్ళకు నీరు పట్టింది. ఒక్కతే ఉంటుంది. పక్కింట్లో తమ్ముడి కూతురు ఏంజెలా.

"వచ్చినావా తవిటన్నా. కూకో. మైకు మొహం మీద ఎట్టకు, దగ్గొస్తాది."

అతను ప్రశ్న అడగలేదు. కాగితం చూపించాడు. ఆమె చదివి నవ్వింది.

"మొదటి నీళ్ళతో టీ పెడతాను. మా దోర్కక్క ఆ నూతి నీళ్ళే తెచ్చేది. వరదప్పుడు కొట్టుకుపోయింది గుంట. పదారేళ్ళు. శవం కూడా దొరకనేదు. ఆ నీళ్ళతో టీ పెట్టి అక్క కప్పులోనే పోస్తాను."

ఆ కప్పు అలమరలో బోర్లించి ఉంది. ఎనామిల్ కప్పు. తెల్లటి ఒళ్ళు, నీలం అంచు. నలభై ఏడేళ్ళుగా ఎవరికీ అందులో నీళ్ళయినా పోయలేదని వీధిలో అందరికీ తెలుసు.

"ఎవులికి పోస్తానో తెలుసునా?" అంది సరోజమ్మ. "నీకే. నీ గొంతు రేడియోలో ఇనబడిన రోజున. ఏడేళ్ళ నుంచి అందరి నోట్లో మైకు పెడతన్నావు. నీ నోట్లో ఏటి పెట్టుకున్నావు, బెల్లంముక్కా?"

తవిటయ్య నోరు తెరిచాడు. వేలు పెదవి మీద పెట్టుకుని రికార్డరు చూపించాడు.

ఆమెకు అర్థమైంది. ప్రతి ఇంట్లోనూ మాటలయ్యాక ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆ గది చప్పుడు పట్టుకోవాలి. మాటల మధ్య అతకడానికి పనికొస్తుందని సిరిల్ పెట్టిన నియమం. దాన్ని వాళ్ళు 'ఖాళీ' అంటారు. తవిటయ్యకు మాటల కన్నా ఖాళీలే ఎక్కువ తెలుసు. ఏ ఇంటి ఖాళీ ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

సరోజమ్మ ఇంటి ఖాళీలో గడియారం ఉంది. ఆమె ఛాతీలో పిల్లికూత ఉంది. దూరంగా గూడ్సు వెళ్ళినప్పుడు అలమరలో ఆ కప్పు సన్నగా మోగింది. తవిటయ్య ఎడమ చెవి అటు తిప్పాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మూడో లైనులో మనిషి లేడు. నూతి దగ్గర వేడికి గాలి అలలుగా ఊగుతోంది. నూతి మీద మూత అంటే పాత వ్యాగన్ తలుపు రేకు, మనిషంత పొడవు, అంచుల చుట్టూ రివెట్లు. ఎవరో దాని మీద మిరపకాయలు ఎండబెట్టారు. వాటిని పక్కకు నెట్టి తవిటయ్య కూర్చున్నాడు.

ఆ రేకు వేసిన నలుగురిలో బతికున్నది తనొక్కడే. అప్పుడు పందొమ్మిదేళ్ళు. మూడు రోజుల వాన. లైన్లలో మోకాలి లోతు నీళ్ళు. నుయ్యేదో వీధేదో తెలియకుండా రెండూ ఒకటైపోయాయి. పిల్లలు అడుగు వేస్తే పోతారని పెద్దవాళ్ళు తెల్లవారుతూనే రేకు ఈడ్చుకొచ్చి కప్పారు. తవిటయ్య చేతిలోంచి గునపం జారి రేకు మీద పడింది. టంగుమంది.

లోపలి నుంచి ఇంకో టంగు వచ్చింది.

"నాయనా, లోపల ఎవులో కొట్టినారు."

"నీళ్ళురా. నోర్మూసుకోని రాళ్ళెట్టు," అన్నాడు నాయన.

రాళ్ళు పెట్టాడు. పొద్దు ఎక్కాక తెలిసింది, చీకటితోనే బకెట్టు పట్టుకుని మంచినీళ్ళకని వెళ్ళిన దోర్కా తిరిగి రాలేదని. అందరూ కాలవ వైపు పరుగెత్తారు. దోర్కా తల్లి ప్రతి గుమ్మం ఎక్కి అడిగింది, "మా గుంటని ఎవులైనా చూసినారా?" తవిటయ్యనీ అడిగింది. చూడలేదన్నాడు. అది అబద్ధం కాదు. అతను చూడలేదు, విన్నాడు. విన్నావా అని ఎవరూ అడగలేదు. వరద తీశాక నూతినీళ్ళు పాడయ్యాయని వీధికి కుళాయి వేశారు, ఆ రేకు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ చప్పుడు మునిగిన బకెట్టుదో, చేతిదో. ఆ రోజే చెప్పి ఉంటే రేకు ఎత్తేవారు. మర్నాడు చెబితే శవమైనా దొరికేది. నెల దాటాక చెబితే తనను కొట్టేవారు. ఏడాది దాటాక చెప్పడానికి నోరు మిగల్లేదు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఈ నూతి గట్టు మీద సరోజమ్మ టీ నీళ్ళ కోసం గిన్నె పట్టుకుని నిలబడుతుంది. రేకు లేస్తుంది. లోపలున్నది ఏదైనా ముందు ఆమె కళ్ళలోనే పడుతుంది.

తవిటయ్య రికార్డరు నొక్కాడు. చెప్పాల్సింది చెప్పాడు. నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత సుత్తితో రేకును ఒక్కసారి కొట్టి, ఒక నిమిషం ఖాళీ పట్టాడు.

రేడియో గదిలో సిరిల్ అది హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. అయిపోయాక వాటిని మెడ మీదికి దించాడు.

"మామా, ముందు ఇంటికెళ్ళి సరోజమ్మత్తకి సెప్పాల కదా."

"ఎల్లినాను. నోరు రానేదు."

"రేడియోలో అయితే వచ్చిందా?"

"రేడియోలో మొకం ఉండదు గదా బాబూ."

"ఖాళీ కోసెయ్యమంటావా?"

"ఒద్దు. అదీ ఎయ్యి."

ఆరున్నరకు వేశారు. తవిటయ్య పఠనమందిరం మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురిళ్ళ రేడియోలన్నింటిలోంచి తన గొంతు వస్తోంది. ముసలి గొంతు. తనది అనిపించలేదు. "సరోజమ్మా, నాను తవిటయ్యని. నీకు ఒక మాట సెప్పాల," అంది ఆ గొంతు. ఒక ఇంట్లో గరిటె చప్పుడు ఆగింది. ఇంకో ఇంట్లో పిల్లాణ్ణి ఎవరో ఉష్ అన్నారు. మాటలు అయిపోయాయి. సుత్తి దెబ్బ మోగింది. ఆ తర్వాత ఖాళీ. లైన్లు లైన్లే ఊపిరి బిగబట్టాయి. అన్నిళ్ళలోనూ ఒకే నూతి చప్పుడు. కుక్కలు కూడా మొరగలేదు.

ఆ నిమిషంలో ఇంకో టంగు విన్నామని తర్వాత కొందరు ఒట్టేసి చెప్పారు. సిరిల్ పదిసార్లు వేసి చూశాడు. అతనికి వినబడలేదు.

ఏడు కావస్తుండగా తవిటయ్య మూడో లైనుకు నడిచాడు. జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాడు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. దానికే భయమేసింది.

సరోజమ్మ తలుపు తీసే ఉంది. రేడియోలో బంగ్లా పాట మొదలైంది. ఆమె కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంది. గడ్డం ఛాతీకి ఆనింది. కళ్ళు సగం మూసి ఉన్నాయి.

"సరోజమ్మా."

గడియారం ఉంది. పిల్లికూత లేదు.

పక్కన స్టూలు మీద నీలం అంచు కప్పు, మీద సాసరు. సాసరు ఎత్తాడు. లోపలి వైపు ఆవిరి చుక్కలు కట్టి ఉంది. టీ ఇంకా వేడిగానే ఉంది. మళ్ళీ మూసి, ఏంజెలా గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. అతని మొహం చూసి ఆమె పరుగెత్తింది.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. మర్నాడు పది గంటలకు సమాధి అని పెద్దలు అనుకున్నారు. నూతి రేకు పోలీసుల ఎదుటే తీయాలి, అది మధ్యాహ్నం మాట అన్నారు.

తెల్లారి అయిదింటికి తవిటయ్య మళ్ళీ సరోజమ్మ ఇంటికి వెళ్ళాడు. ఏంజెలా గుమ్మంలో కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి కప్పు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది నీదే పెద్నాన్నా. నిన్న నీ మాటలయ్యాక అత్త నా కాడికి వచ్చి పంచదార పట్టికెల్లింది. 'తవిటన్న వస్తాడు, తీపెక్కువ తాగుతాడు' అంది."

"ఏడిసిందా?"

"నేదు. 'ఇన్నాళ్ళూ ఒక్కడే మోసినాడు' అంది. అంతే."

టీ మీద మీగడ కట్టింది. చీమ ఒకటి పడి ఉంది. తవిటయ్య చీమను వేలితో తీసి, చల్లారిన టీని గుమ్మంలోనే నిలబడి ఆఖరి చుక్క దాకా తాగాడు. తర్వాత నూతి దగ్గరికి నడిచాడు. రేకు మీద తేమ పట్టి ఉంది. కప్పును మధ్యలో బోర్లించి, సంచిలోంచి సుత్తి తీసి రేకు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఎడమ చెవి వంచి నిలబడ్డాడు.

రేకు మోత సన్నబడింది, చచ్చిపోయింది. యార్డు వైపు ఏ బండీ కదలడం లేదు. నీలం అంచు కప్పు మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.