సంచిలో తల

మూడో సీన్లో గొడ్డలి వేటుకు తల తెగిపడిన జాంబీ, క్లైమాక్స్‌లో అదే తలను కూరగాయల సంచిలో వేసుకుని నింపాదిగా నడిచి వస్తున్నాడు.

ఎడిటింగ్ గదిలో దర్శకుడు బొమ్మ ఆపించాడు. పక్కనే ఇంకొక జాంబీ, హీరోని కొరకబోయే ముందు బ్రష్షుతో పళ్లు తోముకుంటున్నాడు.

"ఎవడి పనిది?"

ఎడిటర్ కుర్చీ ఇటు తిప్పాడు. "నా వంక చూడకండి సార్. నేను కత్తిరించేవాణ్ణి, శవాలను బజారుకు పంపేవాణ్ణి కాదు. ఇది మీరు తీసిన షాటే. ఆ రోజు మీ కళ్లు హీరో మీదే ఉన్నాయి."

నిజమే. ఉన్నది ఎనిమిది మంది నటులు, కావలసింది నలభై జాంబీలు. ఒకసారి చచ్చినవాడు లోపలికి వెళ్లి, చొక్కా, మొహం మార్చుకుని మళ్లీ వచ్చి చావాలి. ఆ మొహాలు మార్చే మేకప్‌మ్యాన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతను దర్శకుడి బావమరిది.

"నీకూ కనబడలేదురా?"

"తీసినవాడివి నీకే కనబడలేదు, నాకేం కనబడుతుంది బావా?"

"వాడెవడో దొరకనీ, ఇంకెక్కడా పని పుట్టకుండా చేస్తాను. ఇవాళ ఇది అమ్ముడుపోకపోతే నాకు ఇంకో సినిమా రాదు."

తలుపు తెరుచుకుంది. సినిమా కొనడానికి రావలసిన డిస్ట్రిబ్యూటర్ గంట ముందే వచ్చేశాడు. ఇక కత్తిరించే వ్యవధి లేదు.

ఆయన గంటన్నర బండరాయిలా కూర్చున్నాడు. సంచి కనబడగానే ముందుకు వంగాడు. బ్రష్షు దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కొంటున్నాను," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఈ పిచ్చి ఎవరి బుర్రలోంచి వచ్చింది? నా తర్వాతి సినిమా అతనితోనే."

దర్శకుడు కాలరు సర్దుకున్నాడు. "కావాలనే పెట్టానండీ. మొదటినుంచీ నా ఆలోచనే."

ఎడిటర్ నేల చూపులు చూశాడు. మేకప్‌మ్యాన్ గోడను వదిలి ముందుకొచ్చాడు.

"సంచి మా ఇంటిది. బ్రష్షు నాది. 'శవాన్ని చెయ్యమంటే పెళ్లికొడుకుని చేశావేంట్రా' అని యూనిట్ మొత్తం ముందు రంగుల పెట్టె నా మొహాన కొట్టావు చూడు బావా, ఆ రోజే చేశాను. ఎవర్నీ నవ్వించాలని కాదు. నీ సినిమా మునగాలని చేశాను. మునిగుంటే నోరు మూసుకుని ఉండేవాణ్ణి."